ఫండ్ అమ్మితే చిన్న షేరు ఎందుకు కూలుతుంది? శామీర్‌పేట దగ్గరి లెక్క

శామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు వెళ్తే జీనోమ్ వ్యాలీ. కోవాగ్జిన్ చేసిన భారత్ బయోటెక్ ఇక్కడిదే. ‘ఆ షేరు దొరుకుతుందా’ అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మార్కెట్‌లో దొరకదు. భారత్ బయోటెక్, బయోలాజికల్ ఇ రెండూ లిస్ట్ కాలేదు. మేడ్చల్‌లో హెపటైటిస్-బి టీకా చేసిన శాంతా బయోటెక్ కూడా లిస్ట్ కాకుండానే 2009లో ఫ్రాన్స్ కంపెనీ సనోఫీ చేతికి వెళ్లింది.

లిస్ట్ అయినవాటిలో సాయి లైఫ్ సైన్సెస్ ఒకటి. దీని పరిశోధన కేంద్రం తుర్కపల్లిలోనే ఉంది. 2024 డిసెంబరులో 549 రూపాయల ధరకు ఐపీఓకి వచ్చింది. సుమారు 3,043 కోట్ల ఇష్యూలో కంపెనీకి చేరింది 950 కోట్లే. మిగతా డబ్బు షేర్లు అమ్ముకున్న పాత వాటాదారులది, అందులో పెద్ద భాగం అమెరికా పెట్టుబడి సంస్థ టీపీజీది. ఆరు నెలల లాక్-ఇన్ తీరగానే, 2025 జూన్‌లో టీపీజీ మరికొంత వాటా అమ్మింది.

అంటే కంపెనీ పాడైందనా? కాదు. ఇలాంటి ఫండ్లకు తమ పెట్టుబడిదారుల డబ్బు తిరిగి ఇవ్వాల్సిన గడువు ఉంటుంది. కంపెనీ బాగున్నా అమ్ముతాయి. పైగా ఇంత పెద్ద కంపెనీలో అమ్మేవాళ్లకు ఎదురుగా కొనే ఫండ్లు కూడా దొరుకుతాయి. చిన్న కంపెనీకి ఆ వీలు తక్కువ.

ఒక లెక్క చూద్దాం. కంపెనీకి కోటి షేర్లు ఉన్నాయనుకోండి. ప్రమోటర్ల దగ్గర 60 లక్షలు. మార్కెట్‌లో రోజుకు చేతులు మారేవి 20 వేలే. ఒక ఫండ్ దగ్గర 4 లక్షల షేర్లున్నాయి. అవన్నీ అమ్మాలంటే, ఇంకెవరూ అమ్మకపోయినా, 20 రోజుల వ్యాపారం మొత్తం దానికే సరిపోతుంది. తొందరపడితే ధర లోయర్ సర్క్యూట్‌కు దిగుతుంది. అప్పుడు మామూలు మనిషి అమ్ముదామన్నా కొనేవాడు ఉండడు. బిడ్డ పెళ్లికని దాచిన డబ్బు అక్కడే చిక్కుకుంటుంది. వడ్డీ వద్దని బ్యాంకు డిపాజిట్‌కు దూరంగా ఉండి షేర్లలోకి వచ్చే కుటుంబాలు ఈ సంగతి ముందే చూసుకోవాలి.

ఫండ్ కొనేటప్పుడు ఇదే తిరగబడుతుంది, ధర ఎగురుతుంది. వాట్సాప్‌లో ‘ఫలానా ఫండ్ కొన్నది’ అనే మెసేజ్ వచ్చేసరికి ఆ ఎగురుడు చాలావరకు అయిపోయి ఉంటుంది.

మరి తెలిసేదెలా? ఒకరు ఒకే రోజు కంపెనీ షేర్లలో అర శాతం మించి కొన్నా అమ్మినా ఆ పేరు బల్క్ డీల్ జాబితాలో ఆ సాయంత్రమే ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ సైట్లలో వస్తుంది. కానీ పై లెక్కలో అర శాతం అంటే 50 వేలు. ఆ ఫండ్ రోజుకు పది వేల చొప్పున అమ్మితే జాబితాలో కనబడదు. మూడు నెలలకోసారి వచ్చే షేర్‌హోల్డింగ్ వివరాల్లో ఒక శాతం దాటిన వాటాదారుల పేర్లుంటాయి. అవి కూడా క్వార్టర్ ముగిశాక 21 రోజుల దాకా రావచ్చు.

అందుకే కొనేముందు రోజూ ఎన్ని షేర్లు చేతులు మారుతున్నాయో చూడాలి. ఆ సంఖ్య ధర పక్కనే ఉంటుంది, ఉచితంగా.