టికెట్టు రేటు రాసేదెవరు?

కౌంటరు కంతలో చెయ్యి పెట్టి టికెట్టు లాక్కునే హడావుడిలో దానిమీది రేటు ఎవరు వేశారని ఎప్పుడైనా ఆలోచించారా? హీరోల కబుర్లు ఎప్పుడూ ఉండేవే. ఈ వారానికి ఈ భాగోతం వినండి.

హాలు లైసెన్సూ, టికెట్టు రేటూ ప్రభుత్వం గుప్పిట్లోనే ఉంటాయి. 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం ఇచ్చిన అధికారమది. ఆ గుప్పిట బిగిసింది 2021 ఏప్రిల్‌లో. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జి.ఓ. 35 తెచ్చింది. పంచాయతీల్లో ఏసీ లేని హాల్లో కింది తరగతి 5 రూపాయలు! సరిగ్గా 'వకీల్ సాబ్' విడుదల వేళ. దాని హీరో పవన్ కల్యాణ్ గారు అప్పట్లో ప్రభుత్వానికి ఎదురు నిలిచిన జనసేన నాయకుడాయె. కక్ష అని వాళ్లూ, పేదవాడి వినోదం అని వీళ్లూ!

నిజం చెప్పొద్దూ, నేనూ మొదట సంబరపడ్డవాణ్ణే. ఓ చిన్న ఊళ్లో హాలు మేనేజరు గారి పక్కన కూర్చున్నాక గానీ రెండో వైపు తెలియలేదు. "ఈ రేటుకి హాలు నిండినా కరెంటు బిల్లుకి చాలదు బాబూ" అన్నాడాయన.

హాళ్లవాళ్లు హైకోర్టుకెక్కారు. 2022 ఫిబ్రవరి 10న చిరంజీవి, మహేష్‌బాబు, ప్రభాస్, రాజమౌళి, ఆర్.నారాయణమూర్తి గార్లు తాడేపల్లి వెళ్లి ముఖ్యమంత్రి జగన్ గారిని కలిశారు. నెల తిరక్కుండా, మార్చి 7న జి.ఓ. 13 వచ్చేసింది. కనీసం 20, గరిష్ఠం 250 రూపాయలు.

అందులోని షరతులు చూడండి, భలే తమాషా! పారితోషికాలు కాక వంద కోట్లు దాటిన చిత్రానికి పది రోజులు రేటు పెంచుకోవచ్చు. అది పెద్ద నిర్మాతల వాటా. రోజుకి అయిదు ఆటలు, వాటిలో ఒకటి చిన్న సినిమాకి. అది చిన్న నిర్మాతలది. పెంపు కావాలంటే 20 శాతం షూటింగు ఆంధ్రలో జరగాలి. అది సర్కారువారిది. ఎవరి బేరం వారిదే.

2024లో ప్రభుత్వం మారింది, పవన్ గారు ఉప ముఖ్యమంత్రి అయ్యారు. పెద్ద చిత్రాలకు పెంపు అనుమతులు వచ్చాయి.

మొన్న మళ్లీ ఆ మేనేజరు గారిని కలిసి, ఇన్ని సంఘాల్లో ప్రేక్షకుల సంఘం ఏదండీ అని అడిగాను.

"అభిమాన సంఘాలున్నాయిగా!"

"అవి హీరోలవి కదండీ?"

ఆయన నవ్వేసి, ఇంటర్వెల్ బెల్లు కొట్టడానికి లేచాడు.