నకలు శిరస్త్రాణము – అసలైన శ్రమ

తలను కాపాడునది గనుక దీనిని శిరస్త్రాణమన్నారు మన పెద్దలు. ఉర్దూ, పారశీక భాషలలో దీనికి ఖూద్ అని పేరు. కత్తి దెబ్బను, బాణపు మొనను ఆపుటకు పుట్టిన ఈ వస్తువు యుద్ధరీతులు మారిన పిమ్మట మ్యూజియముల అద్దాల బీరువాలలోనికి చేరినది. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియములో ఆయుధముల విభాగమును చూచిన విద్యార్థులకు ఈ సంగతి కొత్త కాదు. అయితే గత అర్ధ శతాబ్దిలో శిరస్త్రాణమునకు ఒక విచిత్రమైన పునర్జన్మ లభించినది. ఎన్నడును జరుగని యుద్ధముల కొరకు, ఎవ్వరును చూడని గ్రహముల సైనికుల కొరకు చలనచిత్ర కళాకారులు కొత్త శిరస్త్రాణములను కల్పించిరి. వాటి నమూనాలను విడి భాగములుగా తెచ్చుకొని, ఇంటివద్దనే కూర్చి, నునుపు చేసి, రంగు వేసి నిలుపుకొనుట నేడు అనేక దేశములలో యువకుల అభిమాన విద్య అయినది. ఈ పని ఎట్లు జరుగును, ఇందు నేర్వదగినది ఏమి, జాగ్రత్తపడవలసినది ఎచ్చట అను మూడు విషయములను ఇక్కడ వివరింపదలచితిమి.

ఈ అభిరుచికి మూలము 1977 మే 25న అమెరికాలో విడుదలైన 'స్టార్ వార్స్' చిత్రము. అందులోని తెల్లని సైనిక శిరస్త్రాణమునకు రాల్ఫ్ మెక్‌క్వారీ అను చిత్రకారుని బొమ్మలు ఆధారము. ఆ బొమ్మలను చూచి మట్టి నమూనా చేసిరి. దానిని అనుసరించి ఇంగ్లండులో ఆండ్రూ ఐన్స్‌వర్త్ ప్లాస్టిక్ రేకును వేడిచేసి, అచ్చుపై పరచి, అడుగునుండి గాలిని పీల్చివేయు పద్ధతిలో శిరస్త్రాణములను తయారుచేసెను. అదే చిత్రములోని ప్రతినాయకుని నల్లని శిరస్త్రాణము జపాను సమురాయి వీరుల శిరస్త్రాణమును స్ఫురింపజేయును. ఎంత భవిష్యత్తును ఊహించినను మానవుడు గతము నుండియే అరువు తెచ్చుకొనునని దీనివలన తెలియుచున్నది. ఇవి చేతిపనులు గనుక తెల్లని శిరస్త్రాణపు కుడి ఎడమలు సరిసమానముగా ఉండవు. పైగా ధరించినవారికి సరిగా కనిపించెడిది కాదు. ఒక సైనికుడు తలుపు పైభాగమునకు తల కొట్టుకొనుట ఆ చిత్రములో నేటికిని చూడవచ్చును.

ఇప్పుడు లభించు విడిభాగముల పెట్టెలు ముఖ్యముగా మూడు విధములు. మొదటిది ఏ.బి.ఎస్. ప్లాస్టిక్ రేకును అచ్చుపై లాగినది. ఇది తేలికయైనది. రెండవది ఫైబర్ గ్లాసు, రెసిన్‌లతో పోతపోసినది. ఇది దృఢమైనది, బరువైనది. మూడవది త్రీ-డీ ప్రింటరుపై పొరపొరగా ముద్రించినది. సాధారణముగా ఒక్కొక్క పొర మందము మిల్లీమీటరులో అయిదవ వంతు. పూర్తి పరిమాణపు శిరస్త్రాణము ముద్రించుటకు పదుల గంటలు పట్టును. ఈ పనికి ఎక్కువగా వాడు పి.ఎల్.ఏ. అను ప్లాస్టిక్ మొక్కజొన్న పిండి వంటి పదార్థములనుండి తయారగును, చౌక, సులభము. కాని సుమారు 60 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మెత్తబడును. మన ఓరుగల్లులో మే మాసపు ఎండ 40 డిగ్రీలు దాటుట ప్రతి ఏటి మాట. తలుపులు మూసి ఎండలో నిలిపిన కారు లోపల ఆ వేడి ఇంకను పెరుగును. నెల రోజుల శ్రమ ఒక్క మధ్యాహ్నములో వంకర పోవచ్చును. ఏ.బి.ఎస్. సుమారు 105 డిగ్రీల వరకు తాళును. కావున వస్తువును ఎన్నుకొనునప్పుడు ధరతోపాటు మన ఊరి ఎండను కూడ లెక్కింపవలెను.

తరువాతిది కొలత. నుదుటిమీదుగా తల చుట్టుకొలత తీసుకొని, లోపలి మెత్తకు చోటు విడిచి, పరిమాణము నిర్ణయింపవలెను. ఇందు గణితశాస్త్రపు చిన్న పాఠమున్నది. పొడవు, వెడల్పు, ఎత్తులను నూటికి 95 వంతులకు తగ్గించినచో లోపలి ఘనపరిమాణము నూటికి 86 వంతులకు దిగును. కొద్దిగానే తగ్గించితిమనుకొన్నవారి తల అందులో పట్టదు.

అంచులను కత్తిరించి భాగములను అంటించిన పిమ్మట అతుకులను, గుంటలను లప్పముతో పూడ్చవలెను. ఆటోనగర్‌లో కార్ల సొట్టలు తీయు పనివారు వాడు రెండు భాగముల లప్పమే దీనికి తగినది. నిమ్మకాయంత లప్పమునకు బఠాణీ గింజంత గట్టిపరచు మందు చాలును. ఎక్కువైనచో చేతిలోనే బిగిసిపోవును. వేసవిలో మరింత త్వరగా బిగియును. ఆరిన తరువాత 80 నంబరు ఉప్పుకాగితముతో మొదలుపెట్టి 120, 220, 400 అను వరుసలో రుద్దవలెను. ఒక నంబరు వదలి ముందునకు దూకరాదు. ముతక కాగితము మిగిల్చిన గీతలను దాని తరువాతి కాగితమే చెరుపగలదు. 400 నుండి పైకి నీటిలో తడిపి రుద్దుట మేలు.

ఉపరితలము నునుపైనదో లేదో కంటికి తెలియదు. అందులకు పనివారు ఒక చక్కని ఉపాయము కనిపెట్టిరి. లప్పముపై నల్లరంగును పలుచగా చల్లి, ఆరిన తరువాత తేలికగా రుద్దుదురు. మిట్టలపై నలుపు పోవును. పల్లములలో నలుపు నిలుచును. నలుపు మిగిలిన చోటనే మరల లప్పము పెట్టవలెను. లోపమును దాచుట కాక, ముందుగా దానిని బయటపెట్టుటయే సంస్కరణమునకు తొలిమెట్టు. ఈ నియమము శిరస్త్రాణమునకే పరిమితము కాదేమో!

ఇక రంగు. ప్రైమరును పలుచని పూతలుగా వేసి, పూతకు పూతకు నడుమ ఆరనీయవలెను. యుద్ధములో అరిగినట్లు కనిపించవలెనన్నచో ముందు వెండిరంగు వేసి, దానిపై అక్కడక్కడ టూత్‌పేస్టు అద్ది, పైరంగు పూసి, ఆరిన పిదప కడుగుదురు. పేస్టు ఉన్నచోట రంగు ఊడి లోపలి వెండి కనబడును. కాని ఆ అరుగుదలకు కారణముండవలెను. చేయి తగులు చోట, నేలపై ఆను అంచున అరుగుట సహజము. ఎక్కడపడిన అక్కడ గీతలు గీసినచో అది అనుభవము వలె గాక అలంకారము వలె తోచును.

ఈ విద్య విదేశములనుండి వచ్చినదని కొందరు తలంపవచ్చును. చేర్యాల ముఖోటాలను చూచినవారు అట్లు అనరు. 2016 వరకు వరంగల్ జిల్లాలోనుండి, నేడు సిద్దిపేట జిల్లాలో చేరిన చేర్యాలలో నకాశీ కళాకారులు కొయ్యపొట్టును చింతగింజల జిగురుతో కలిపి ముద్దచేసి ముఖములను దిద్దుదురు. ఆరిన పిమ్మట సుద్ద పూసి, నునుపుచేసి, రంగులు వేయుదురు. రూపము, పూడిక, నునుపు, పూత, రంగు – క్రమము ఒక్కటే. లప్పమునకు బదులు సుద్ద. రెసిన్‌కు బదులు చింతగింజ. అట్లే నేటి జనగామ జిల్లాలోని పెంబర్తిలో ఇత్తడి రేకును ఉలితో, సుత్తితో ఉబ్బెత్తు బొమ్మలుగా తీర్చు విశ్వకర్మలున్నారు. రేకును లొంగదీయు విద్యలో వారు మనకు గురుస్థానీయులు.

నకాశీ అను మాట 'నక్ష్' నుండి వచ్చినది. నక్ష్ అనగా చిత్రము, రూపకల్పన. దానికి ధ్వనిలో పొరుగున ఉన్నను అర్థములో వేరైన మాట 'నకల్'. కచేరీలలో మనము తీసుకొను 'నకలు' ఇదియే. పరీక్షా మందిరములో ప్రక్కవాని కాగితము చూచి వ్రాయుటను కూడ ఉర్దూలో నకల్ అనియే అందురు. మరి శిరస్త్రాణపు నకలు ఈ రెంటిలో ఏ కోవకు చెందును? పరీక్షలోని నకలు తన మూలమును దాచును. కచేరీ నకలు తన మూలమును పైననే చెప్పును. సత్యమునకు ఈ భేదమే గీటురాయి. కనుక ప్రతి నమూనా లోపలి భాగములో ఇది నకలు అనియు, చేసిన సంవత్సరమును వ్రాయుట ధర్మము. న్యాయస్థానములు సైతము ఈ విషయమై తలపట్టుకొన్నవి. ఐన్స్‌వర్త్ తన శిరస్త్రాణముల నకళ్లను అమ్మగా చిత్ర నిర్మాణ సంస్థ దావా వేసినది. 2011 జూలై 27న బ్రిటన్ సుప్రీంకోర్టు ఆ శిరస్త్రాణము శిల్పము కాదనియు, చిత్ర నిర్మాణములో ఒక ప్రయోజనము కొరకు చేసిన వస్తువనియు తీర్పు చెప్పినది. అయితే అమెరికా కాపీరైటు ఉల్లంఘనపై ఇంగ్లండులోనే విచారణ జరుపవచ్చునని కూడ చెప్పినది. నేర్చుకొనుటకు ఒకటి చేసికొనుట వేరు, అమ్మకమునకు వంద చేయుట వేరు అని విద్యార్థులు గ్రహింతురు గాక.

అన్నిటికంటె ముఖ్యమైన మాట కడపట చెప్పుచున్నాము. ఈ నకలు శిరస్త్రాణము తలను కాపాడదు. మోటారు సైకిలు హెల్మెట్టులో గట్టి చిప్ప క్రింద దట్టమైన థర్మోకోల్ పొర ఉండును. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి, తల ఆగుటకు పట్టు దూరమును పెంచును. ఆ దూరము పది రెట్లు పెరిగినచో తలపై పడు సగటు బలము పదవ వంతుకు తగ్గును. నమూనాలోని స్పాంజి అట్లు బలమును మ్రింగజాలదు; దాని చిప్ప ముక్కలై గాయపరచవచ్చును కూడ. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 129వ సెక్షను హెల్మెట్టును తప్పనిసరి చేసినది. 2021 జూన్ 1 నుండి ద్విచక్ర వాహనములకు ఐ.ఎస్. 4151 ప్రమాణము, ఐ.ఎస్.ఐ. గుర్తు లేని హెల్మెట్టులను అమ్మరాదు. హనుమకొండ, కాజీపేట రహదారులపై ప్రతిదినము వచ్చిపోవు మన విద్యార్థులు వేడుకకైనను నమూనాను ధరించి బండి ఎక్కరాదు. ఆ రోజున నకలుకు, అసలుకు గల భేదము ప్రాణమంత.

పనిచేయునప్పటి జాగ్రత్తయు ఇట్టిదే. ఫైబర్ గ్లాసు ధూళి, రంగుల ఆవిరి ఊపిరితిత్తులకు హానికరములు. ముక్కుకు తగిన మాస్కు, కంటికి అద్దాలు, గాలి ఆడు చోటు తప్పనిసరి. హాస్టలు గదిలో కిటికీలు మూసి చేయవలసిన పని ఇది కాదు.

కావున కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము ఒక్కటే. సైన్సు ప్రదర్శనకు ముందు కొన్ని వారములపాటు గాలి ధారాళముగా ఆడు ఒక వరండాను, ఒక పొడవైన బల్లను ఇప్పించి, చేర్యాల, పెంబర్తి కళాకారులను, ఆటోనగర్ పనివారిని ఒక్కొక్క దినము ఉపాధ్యాయులుగా ఆహ్వానింపుడు. రసాయనము, గణితము, చిత్రలేఖనము, చట్టము ఒకే బల్లమీద కూర్చుండుట అరుదు. చేతులకు మసి అంటిన విద్య మనస్సున చిరకాలము నిలుచును.