ప్రజాభిప్రాయ సేకరణ: మీ ఊరి మాటకు విలువెంత?

మీ ఊరి పక్కన ఒక విద్యుత్ కేంద్రమో, ఆనకట్టో, ఓడరేవో కట్టబోతున్నారనుకోండి. దానివల్ల గాలి, నీరు, నేల, జీవనోపాధి ఎలా మారతాయో ముందే లెక్కకట్టి నివేదిక రాయాలి. దీనినే పర్యావరణ ప్రభావ అంచనా అంటారు. నిర్దేశించిన రకాల ప్రాజెక్టులకు ఇది 1994లో తప్పనిసరి అయింది. 1997లో దీనికి ప్రజాభిప్రాయ సేకరణను జోడించారు. ఆ తర్వాత 2006 సెప్టెంబరు 14న కొత్త నోటిఫికేషన్ వచ్చింది.

జనాన్ని అడగడం దేనికి? నిపుణులు చాలరా? నివేదిక రాసే సలహా సంస్థకు డబ్బు చెల్లించేది ప్రాజెక్టు కట్టేవారే. పైగా కొలతలు చాలావరకు వానాకాలం కాని ఒక్క సీజన్‌లోనే తీస్తారు. వేసవిలో బీటలు వారిన నేల ఆగస్టులో మోకాటిలోతు నీటిలో ఉండవచ్చు. ఆ సంగతి మే నెలలో పెట్టిన పరికరం చెప్పలేదు. అక్కడ నాట్లు వేసే రైతు చెప్పగలడు. అందుకే సభలో గ్రామస్థులు చెప్పే మాటలను కూడా సమాచారంగా లెక్కించాలి.

శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గరి బీలనే చూడండి. అది తీరప్రాంతంలోని చిత్తడి నేల. సేద్యానికీ, చేపల వేటకూ, పశువుల మేతకూ అదే ఆధారం. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం తలపెట్టినప్పుడు కాగితాల్లో ఆ భూమిని బంజరుగా చూపారు. 2009లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో స్థానికులు వ్యతిరేకించినా అనుమతి లభించింది. 2010 జులై 14న నిరసనకారులపై పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. ఊరి మాటను మొదటే సరిచూసి ఉంటే?

నిబంధనల ప్రకారం సభకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. సభను రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నిర్వహిస్తుంది. కలెక్టరు గానీ, ఆయన ప్రతినిధి గానీ అధ్యక్షత వహిస్తారు. చర్చను వీడియో తీయాలి. చివరలో సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలి. రాలేనివారు రాతపూర్వకంగా అభిప్రాయం పంపవచ్చు.

అయితే లోపాలూ ఉన్నాయి. సభకు కనీస హాజరు అంటూ ఏదీ లేదు. కొన్ని రకాల ప్రాజెక్టులకు సభే అక్కర్లేదు. నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉన్నా, వందల పేజీల అసలు నివేదిక సాధారణంగా ఇంగ్లీషులోనే ఉంటుంది. 2020లో వచ్చిన ముసాయిదా 30 రోజుల గడువును 20కి తగ్గించాలని ప్రతిపాదించింది. ఆ ముసాయిదా మొదట ఇంగ్లీషు, హిందీలలోనే వెలువడింది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకీ దానిని అనువదించాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశించవలసి వచ్చింది.

ఇది ఓటింగు కాదని గుర్తుంచుకోండి. ఎందరు వద్దన్నారన్నది ఒక్కటే నిర్ణయాన్ని మార్చదు. వచ్చిన అభ్యంతరాలను నిపుణుల కమిటీ పరిశీలించాలి.

మరి మీరు ఏం చేయగలరు? కలెక్టరు కార్యాలయంలోనో, పంచాయతీలోనో నివేదిక అడిగి చూడండి. కొలతలు ఏ నెలల్లో తీశారు? మీ చెరువు, వాగు, బావులు పటంలో ఉన్నాయా? వరద ఎంతవరకు వస్తుందో రాశారా? లోపం కనిపిస్తే సర్వే నంబరు, నెల, నీటి లోతు పేర్కొంటూ రాసివ్వండి. "మాకు నష్టం" అన్న మాటను పక్కన పెట్టడం తేలిక. "ఈ సర్వే నంబరులో జులై నుంచి నవంబరు దాకా నీరు నిలుస్తుంది" అన్న వాక్యానికి ఎవరైనా జవాబు చెప్పక తప్పదు.