మిషను తాళం ఎవరి చేతిలో?

‘అమ్మా, ఎందుకైనా మంచిది, ఓసారి మిషన్లో వేసి చూడండి!’

ముప్ఫయ్యేళ్ల క్రితం బందరులో నేను బ్యాంకు క్యాషు కౌంటర్లో కూర్చునే రోజుల్లో ఓ ఖాతాదారు అన్న మాట ఇది. ఆ కట్టని నేను అప్పటికే రెండుసార్లు లెక్కపెట్టాను. నోట్లు లెక్కించే మిషను మా బ్రాంచికి వచ్చి వారమైనా కాలేదు. పన్నెండేళ్లుగా నా వేళ్లని నమ్మిన పెద్దమనిషి, వారంలో నన్ను కాదని దాన్ని నమ్మాడు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదంటే నవ్వుకుంటారేమో!

కొన్నాళ్లకి అదే మిషను నాకు చుట్టమైపోయింది. లెక్క తక్కువొస్తే చేతి డబ్బు కట్టాలన్న భయం తగ్గింది. పిల్లలు నిద్రపోకముందే ఇల్లు చేరుతున్నాను.

మొన్న హైదరాబాదు నుంచి మా కోడలు ఫోన్లో, ‘అత్తయ్యా, మా ఆఫీసులో సగం పని కంప్యూటరే చేసేస్తోంది. రేపు నేనెందుకంటారేమో’ అంది. అప్పుడు నా పాత సంగతే గుర్తొచ్చింది. రోబో అన్న మాట 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ రాసిన నాటకంతో వచ్చింది. ఆ భాషలో ‘రోబోటా’ అంటే వెట్టిచాకిరీ. వెట్టి తప్పితే మనిషికి సంతోషమేగా! మరి ఈ గుబులెందుకు? మిషను పక్కన పనిచేసే మన ఆడవాళ్లనే అడుగుదామని బయల్దేరాను.

గుడివాడ చేలల్లో...

పెడన, కవుతరం మీదుగా గుడివాడ రైలెక్కితే దారి పొడుగునా వరి చేలే. మా పుట్టిల్లు ఆ పక్కనే. ఒకప్పుడు కోత, పనలు తిప్పడం, కట్టేత, కుప్ప, నూర్పిడి అంటూ రోజుల తరబడి సాగే పనిని కోత మిషను గంటా గంటన్నరలో ముగించేస్తోంది. మా పొలంలో ఊడ్పులకొచ్చిన ఓ పెద్దావిడ గట్టు మీద కూర్చుని ఉంది.

‘నడుం విరిగే పని పోయిందని ఏడవట్లేదు అమ్మాయిగారూ, కూలి పోయిందనే ఏడుపు’ అంది.

అంతా పోలేదట. మిషను తిరగని మూలలు వీళ్లే కొయ్యాలి. వానకి చేను పడిపోయినా, మిషను బురదలో దిగబడినా వీళ్లే గుర్తొస్తారు. కోతకి ముందు వరిలోనే మినుములు చల్లడం మన డెల్టాలో ఆనవాయితీ. మిషను తిరిగితే ఆ మొలక నలిగిపోతుంది. అందుకే మినుము దక్కాలనుకునే రైతు ఇప్పటికీ కొడవలి వైపు చూస్తాడు.

‘దాని మీద కూర్చునేవాడు మగాడు, మూలలు కోసేది మేము’ అని నవ్విందావిడ. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది.

దివిసీమలో...

అవనిగడ్డ దగ్గర ఓ పల్లెలో దృశ్యం వేరు. పొదుపు సంఘంలోని ఓ అమ్మాయి డ్రోనుతో మందు కొడుతోంది. మహిళా సంఘాలకు డ్రోన్లిచ్చే ‘నమో డ్రోన్ దీదీ’ పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో ఆమోదించింది. 15,000 సంఘాలకు ఇవ్వాలన్నది లక్ష్యం. ఖరీదులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయల వరకు సాయం, మిగతాదానికి అప్పు, 15 రోజుల శిక్షణ. ఎకరానికి మందు కొట్టడం పది నిమిషాల పని. విషం ఒంటి మీద పడే బాధా తక్కువే.

‘మొదటిరోజు చేతులు వణికాయండీ. కింద పడితే అప్పెవరు కడతారు? ఇప్పుడు రైతులే ‘అక్కా, మా చేనికెప్పుడు?’ అని అడుగుతున్నారు’ అంది మెరిసే కళ్లతో. ఆ వెంటనే గొంతు తగ్గించింది. ‘వీపున ట్యాంకు కట్టుకుని మందు కొట్టే బాబాయి ఒకాయన, నా పని నువ్వు పట్టుకుపోయావమ్మా అన్నాడు. ఆ మాట మాత్రం నిద్రపోనివ్వలేదు.’

తేడా ఎక్కడుంది?

తిరుగు బస్సులో ఇదే ఆలోచన. నా వేళ్ల పని మిషను చేసిన నెలలో నా జీతం పైసా తగ్గలేదు. బ్యాంకుల్లో కంప్యూటర్లు ఎక్కడ, ఎన్ని పెట్టాలో 1983లోనే మా సంఘాలు యాజమాన్యాలతో కూర్చుని ఒప్పందం చేసుకున్నాయి. అందుకే నాది ఒక రాత్రి అలకతో పోయింది. గట్టు మీది పెద్దావిడని మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు. మిషను ఊళ్లోకి వచ్చిన రోజే ఆమె పనిదినాలు పోయాయి.

మా కోడలికి అదే చెప్పాను. ‘మిషన్ని చూసి బెంగపడకు. అది వచ్చే ముందు నీకు పని నేర్పిస్తామన్నారా, జీతం సంగతి తేల్చారా, అది అడుగు. ఒక్కదానివే కాదు, నలుగురూ కలిసి అడగండి.’

పొదుపు సంఘాల్లో ఉన్న చెల్లెళ్లూ, మీరూ అడగండి. ఊళ్లోకి కొత్త మిషను వస్తే దాన్ని నడపడం మన పిల్లలకి ఎవరు నేర్పుతారు? పని పోయేవాళ్లకి ఏం దారి చూపిస్తారు? ఆ ట్యాంకు బాబాయి గురించి కూడా అడగడం మర్చిపోవద్దు.

గుడివాడలో నేను లేచి వస్తుంటే ఆ పెద్దావిడ అన్న మాటతో ముగిస్తాను.

‘మా మనవరాలు ఇంటరు చదువుతోంది అమ్మాయిగారూ. ఆ మిషను తాళం దాని చేతికి ఒక్కసారి ఇచ్చి చూడమనండి. మూలలు కూడా వదలకుండా కోస్తుంది!’