నల్లరేగడి పెరడు

గుంటూరు, ప్రకాశము, కర్నూలు, ఆదిలాబాదు జిల్లాలలో ననేక గృహములు నల్లరేగడి నేలపై నున్నవి. వానకాలమున నీ పెరటిలో కాలు మోపిన జారును. నీరు దినముల తరబడి నిలుచును. వేసవిలో నదే నేల చేయిపట్టునంత నెఱ్ఱెలు విచ్చును. నాటిన మొక్క చచ్చినచో నేల చెడ్డదని నిందింతుము. కాని ప్రత్తిని, మిరపను, శనగను పండించునది యీ నేలయే. దాని స్వభావమెఱిగి మెలగుడని సోదరీమణులకు మా మనవి.

రేగడిలోని రేణువులు మిక్కిలి సూక్ష్మములు. తడిసినప్పుడు నీటిని పీల్చి యుబ్బును. ఎండినప్పుడు కుంచించుకొని పగులును. ఉబ్బిన నేలలో గాలికి చోటుండదు. గాలి లేనిచో వేళ్లు కుళ్లును.

కావున మొదట నీటికి దారి చూపవలెను. ఇంటిగోడనుండి నేల వెలుపలికి వాలునట్లు చదును చేయించి, ఒక ప్రక్కగా చిన్న కాలువ తీయింపుడు. గోడ మొదట నీరు నిలిచినచో పునాదిక్రింది నేల యొకప్పు డుబ్బుచు, నొకప్పుడు క్రుంగుచు గోడలకు బీటలు కలిగించును. నిలిచిన నీటిలో వారము పది దినములలోనే దోమలు పెరుగును. వానివలన బిడ్డలకు జ్వరములు వచ్చును. ఈ పని యలంకారమునకు మాత్రమే గాదు.

రెండవది, తడినేలను త్రొక్కరాదు, త్రవ్వరాదు. పిడికెడు మన్ను నొక్కి, వ్రేలితో తట్టి చూడుడు. పొడియైనచో త్రవ్వవచ్చును, మైనమువలె సాగినచో నాగవలెను. నడచుటకు రాతిపలకలుగాని యిటుకలుగాని పఱపింపుడు.

కొందఱు బండెడిసుక తోలించి కలిపింతురు. కొద్దిపాటి యిసుక రేగడితో గలిసి గట్టిపడునే కాని గుల్లబాఱదు. ఆ సొమ్ముతో మాగిన పశువుల యెరువు తెప్పించుట మేలు. ఏటేట 2 అంగుళముల మందమున పఱచి పైమంటితో గలుపవలెను. రాలిన యాకులను తగులబెట్టక గోతిలో మాగనిచ్చి వాడుడు. క్రొత్త పెరడైనచో తొలకరిని జనుముగాని జీలుగగాని చల్లి, పూతకు వచ్చుసరికి కోసి మన్నులో గలిపింపుడు. జిప్సము చౌడునేలకు ముఖ్యముగా నుపయోగించును. నేలను పరీక్ష చేయింపక వేయవలదు.

ఇక మొక్కలమాట. అరటి, మెట్టతామర తేమ కోర్చును. నీరు జాఱిపోవు తావున మందారము, నందివర్ధనము చక్కగా పెరుగును. బొప్పాయి, నిమ్మ, మల్లె నీరు నిలిచిన బ్రదుకవు; వానిని అడుగెత్తు దిబ్బలపై నాటుడు. ఆకుకూరలకు 9 అంగుళముల యెత్తు మడులు కట్టింపుడు. రావివంటి పెద్దచెట్లను గోడల చెంత నాటవలదు. వేసవిలో మొక్కల మొదళ్లపై ఎండుటాకులు కప్పినచో నెఱ్ఱెలు తగ్గును, తడి నిలుచును.

పెరడంతయు నొక్కయేట మారదు. ఈ యేడు కాలువ తీయించి, ఒక్క మడి సిద్ధపఱచుకొనుడు. ఆ మడిలోని తోటకూర ఇంటివారి కంచములలోనికి వచ్చిన పిదప రెండవ మడికి సాయము చేయువారు ఇంటిలోనే దొరకుదురు.