వార్తల్లో పదం: ఇంటర్న్‌షిప్ క్రెడిట్

డిగ్రీ చదువుతూ ఏదైనా సంస్థలో చేసిన పనిని కూడా చదువులో భాగంగా లెక్కించి విశ్వవిద్యాలయం ఇచ్చేదే ఇంటర్న్‌షిప్ క్రెడిట్. నూతన విద్యా విధానం 2020 తర్వాత ఈ మాట కాలేజీల్లో తరచూ వినిపిస్తోంది.

లెక్క సులువే. యూజీసీ మార్గదర్శకాల ప్రకారం 30 గంటల ఇంటర్న్‌షిప్‌కు ఒక క్రెడిట్. నాలుగో సెమిస్టర్ పూర్తయ్యాక 60 నుంచి 120 గంటలు పనిచేస్తే 2 నుంచి 4 క్రెడిట్లు వస్తాయి. అయితే హాజరు ఒక్కటే చాలదు. కాలేజీలో ఒక అధ్యాపకుడు, పనిచేసే చోట ఒక పర్యవేక్షకుడు ఉండాలి. చివర్లో నివేదిక ఇవ్వాలి, మూల్యాంకనం జరగాలి. వచ్చిన క్రెడిట్లు 2021లో మొదలైన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో విద్యార్థి పేరిట జమవుతాయి.

ఆంధ్రప్రదేశ్ ఈ దారిలో ముందే నడిచింది. 2020-21లో డిగ్రీ పాఠ్యప్రణాళికను మార్చి, మూడేళ్లలో మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టింది. మొదటి ఏడాది తర్వాత చేసే సామాజిక సేవా ప్రాజెక్టు కూడా అందులో భాగమే.

ఆలోచన మంచిదే. చిక్కంతా అమలులో ఉంది. పరిశ్రమలున్న నగరంలో చదివే విద్యార్థికి దొరికే అవకాశం మండల కేంద్రంలోని డిగ్రీ కాలేజీ విద్యార్థికి దొరకదు. అలాంటి చోట్ల సర్టిఫికెట్లు కొనుక్కునే ప్రమాదం ఉంది. క్రెడిట్ ఇచ్చినా ప్రతి చోటా భృతి ఇవ్వరు. ప్రయాణం, బస ఖర్చు పేద కుటుంబం మీదే పడుతుంది. అందుకే చేరే ముందే విద్యార్థులు మూడు సంగతులు రాతపూర్వకంగా తెలుసుకోవాలి: ఎన్ని గంటలు, ఎన్ని క్రెడిట్లు, మార్కులు వేసేది ఎవరు.