ఎర్ర చుక్కకు కరెంటు ఎక్కడ్నించి?

పాకాలలో మా మేనమామ షాపుకొచ్చేవాళ్లలో చాలామంది, లేజర్ కటింగ్ మిషన్‌లో కనిపించే ఎర్ర చుక్కే చెక్కను కోస్తుందనుకుంటారు. ఫోన్ తీసి దాన్నే వీడియో చేసుకుంటారు. నిజానికి కోసే లేజర్ కంటికి కనపడదు. కార్బన్ డయాక్సైడ్ ట్యూబులో పుట్టే ఇన్‌ఫ్రారెడ్ కిరణం అది, 10,600 నానోమీటర్లు. మన కన్ను 700 దాటితే దాదాపు గుడ్డిదే. ఈ రకం లేజర్‌ను 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో తయారుచేసింది మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. ఎర్ర చుక్క మాత్రం 650 నానోమీటర్ల చిన్న డయోడ్. కోత ఎక్కడ పడబోతోందో చూపించడమే దాని పని.

అది లేకపోతే ఏమవుతుందంటారా? గృహప్రవేశానికి ఇంటి పేరు చెక్కమని ఎవరో సొంత టేకు పలక తెచ్చిస్తారు. అక్షరాలు అర అంగుళం పక్కకు జరిగితే ఇంకో పలక మన దగ్గర ఉండదు. అందుకే మామ ఒక డయోడ్ మాడ్యూల్ కొన్నాడు. బెంగళూరు నుంచి నేను సెలవుకు రాగానే దాన్ని చేతిలో పెట్టి, "ఏమిరా, మిషన్ లోపలే ఇంత కరెంటు ఉంది గదా, దాంట్లోంచే లాగేద్దామా?" అన్నాడు.

"వద్దు మామా, ఆ పెట్టె జోలికి పోవద్దు" అన్నాను.

మామది 40 వాట్ల చిన్న మిషన్. అందులోని పవర్ సప్లై ట్యూబుకు 15 నుంచి 20 వేల వోల్టులదాకా ఇస్తుంది. అదే పెట్టెలోంచి కంట్రోల్ బోర్డుకు 5 వోల్టులు, మోటార్లకు 24 వోల్టులు వెళ్తాయి. చుక్కకు కావాల్సిందీ 5 వోల్టులే. 30 మిల్లీఆంపులు, అంటే 0.15 వాట్. ఎవరికైనా అక్కడే కలిపేయాలనిపిస్తుంది. చాలామంది కలుపుతారు, పనిచేస్తుంది కూడా.

చిక్కు తర్వాత వస్తుంది. మాడ్యూల్ ఉండేది కదిలే తల మీద. దాని వైరు రోజంతా అటూ ఇటూ వంగుతూనే ఉంటుంది. ఏదో ఒక రోజు తొడుగు చిరిగి మిషన్ బాడీకి తగిలితే బోర్డుకెళ్లే 5 వోల్టులు పడిపోతాయి, పని సగంలో ఆగుతుంది. టేకు పలక అంతే సంగతులు. పైగా కొన్ని చవక మాడ్యూళ్లలో ఇత్తడి గొట్టమే ప్లస్‌కు కలిసి ఉంటుంది. ఇనప క్లాంపులో బిగించారంటే వైరు చిరగక్కర్లేదు, ఆ రోజే షార్ట్. మల్టీమీటర్‌తో ముందే చూసుకోండి. ప్లాస్టిక్ క్లాంపు అయితే ఇంకా మేలు.

మాకు దొరికిన మందు డ్రాయరులో పడున్న పాత ఫోన్ ఛార్జర్. మిషన్ బయటే సాకెట్‌లో ఉంటుంది. వైరు తెగినా చుక్క ఒక్కటే ఆరిపోతుంది, పని సాగుతుంది. "ఒక ఆంపు ఛార్జర్ రా, ఇంత చిన్నది కాలిపోదా?" అని మామ అనుమానం. కాలదు. వోల్టులు సరిపోతే చాలు, ఎంత కావాలో అంతే లాక్కుంటుంది. లోపల రెసిస్టర్ లేని ఉత్త డయోడ్ అయితే మాత్రం ఠపీమని పోతుంది.

యూఎస్‌బీ కేబుల్ కోస్తే ఎర్రది ప్లస్, నల్లది మైనస్. చవక కేబుళ్లలో రంగుల్ని నమ్మడానికి లేదు, మీటర్ పెట్టి చూడాల్సిందే. తల వరకూ మెత్తటి సిలికాన్ వైరు లాగాం, అతుకులకు సోల్డరింగ్ చేసి స్లీవ్ వేశాం, పక్కన ఒక స్విచ్. ట్యూబుకెళ్లే లావు వైరుకు ఇది ఆనకూడదు. ఇదంతా మిషన్ ప్లగ్ పీకి, కాసేపు ఆగాకే. మా ఉద్యోగంలో తప్పు జరిగితే పాత వెర్షన్‌కు వెనక్కి పోవచ్చు, 20 వేల వోల్టుల దగ్గర ఆ సౌకర్యం లేదు.

చుక్కను సరిచేయడం సులువు. పనికిరాని చెక్క మీద చిన్న మచ్చ కాల్చి, తలను కదపకుండా, చుక్క ఆ మచ్చ మీద పడేదాకా మాడ్యూల్ తిప్పాలి. కాకపోతే అది పక్కనుంచి వాలుగా చూస్తుంది. 45 డిగ్రీల్లో బిగిస్తే, పలక ఎత్తు 3 మిల్లీమీటర్లు మారినా చుక్క 3 మిల్లీమీటర్లు జరుగుతుంది. అందుకే ముందు ఎత్తు, తర్వాత చుక్క. చుక్క వెలగట్లేదు కదా అని లేజర్ కూడా ఆగిందనుకుని లోపల చెయ్యి పెట్టొద్దు. రెండింటికీ సంబంధమే లేదు.

అన్నీ అయ్యాక మీటర్ చేతిలో ఉంది కదా అని సాకెట్ మూడో కన్ను కూడా చూశాను. ఫేజ్‌కీ దానికీ మధ్య 230 రావాలి, నిలకడగా ఏమీ రాలేదు. విప్పితే ఎర్త్ వైరు ఎక్కడా తగలకుండా ఊరికే వేలాడుతోంది. అన్ని వేల వోల్టుల ఇనప పెట్టెను మామ ఎర్త్ లేకుండానే తాకుతున్నాడన్నమాట. మరునాడే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, షాపు వెనక గుంత తీయించి, బొగ్గు, ఉప్పు వేసి ఎర్త్ కట్టించాం. ఎండాకాలంలో ఇక్కడి నేల రాయిలా ఎండిపోతుంది కాబట్టి, పొద్దున షట్టర్ తీయగానే ఆ గుంతలో ఒక బకెట్ నీళ్లు పోయడం ఇప్పుడు మామ డ్యూటీ.